కూర్చుని చేసే పని

నా ఉద్యోగం గురించి ఎవరు అడిగినా మా అత్తగారు ఒకటే మాట చెబుతుంది: "మా కోడలు మనుషుల్ని పొడిచి జీతం తెచ్చుకుంటుంది." అందులో అబద్ధం లేదు. వ్యాయామం మీద పరిశోధనలు చేసే ల్యాబులో రక్తం తీయడం నా పని. పందొమ్మిదేళ్లుగా అదే పని. సన్న చేతులు, బొద్దు చేతులు, సూది పేరెత్తగానే నరాలన్నీ లోపలికి దాక్కునే పిరికి చేతులు, అన్నీ చూశాను. నా దగ్గర రెండోసారి పొడిపించుకున్నవాడు ఇంతవరకు లేడు. గొప్పలు పోవడం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను.

అలాంటి నా మీద ఒక గురువారం పొద్దున మా పెద్దసారు నింద వేశాడు. నాకు నరం దొరకలేదట. దొరక్క, ఒకడి రక్తాన్నే ఇద్దరి గొట్టాల్లో నింపేశానట.

పెద్దసారంటే మా ల్యాబుకి అధిపతి. చెడ్డవాడేం కాదు. కుర్చీలోంచి లేవకుండానే లోకమంతటికీ పరుగు నేర్పగల మనిషి. ఫైలు కావాలంటే గంట కొడతాడు. నేను పరుగున వెళ్లి చూస్తే ఆ ఫైలు ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంటుంది. వ్యాయామం వల్ల కలిగే లాభాల మీద ఆయన రాసిన కాగితాలన్నీ పేర్చితే మెట్లు కట్టొచ్చు. ఆ మెట్లు కూడా ఆయన ఎక్కడు.

ఆయన దగ్గర డాక్టరేటు చేస్తున్న అమ్మాయిని మేమంతా గడియారం అంటాం. మెడలో స్టాప్‌వాచ్ వేలాడకుండా ఆ పిల్లని చూసినవాళ్లు లేరు. టీ తాగినా ఎన్ని సెకన్లు పట్టిందో చూసుకుంటుంది. మూడేళ్ల కష్టమంతా ఈ ఒక్క ప్రయోగం మీద పెట్టింది.

ప్రయోగం పన్నెండు మందితో. ఆరుగురు సైకిల్ క్లబ్బు వాళ్లు, ఏళ్ల తరబడి తొక్కి తొక్కి కాళ్లు రాటుదేలినవాళ్లు. మిగతా ఆరుగురు ఒంటికి శ్రమ తెలియనివాళ్లు. ఒక్కొక్కరినీ కదలని సైకిలెక్కించి మూడు మెట్లు తొక్కిస్తాం: తేలిక, ఓ మోస్తరు, కష్టం. ఒక్కో మెట్టు చివర నేను రక్తం తీసి ఐసులో పెట్టి, పది నిమిషాల్లోపు గిర్రున తిప్పే మిషన్లో వేస్తాను. ఆలస్యమైతే లోపలి లెక్కలు మారిపోతాయి. ఆ తర్వాత శ్రమ తెలియనివాళ్ల చేత ఎనిమిది వారాలు రోజూ తొక్కించి, మళ్లీ ఇదంతా చేసి, ఏం మారిందో చూడాలి.

"ఇంతకీ ఆ రక్తంలో ఏం వెతుకుతారే?" అని మా అత్తగారు ఒకరోజు అడిగింది.

"మనం తిన్న పప్పూ గుడ్డూ అరిగితే అమైనో ఆమ్లాలవుతాయి అత్తయ్యా. అవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. మీరు మెల్లగా నడిచారనుకోండి, వాటిలో పెద్ద మార్పుండదు. అదే రొప్పుకుంటూ మెట్లెక్కారనుకోండి, కండలు అలనిన్ అనేదాన్ని మూటలు కట్టి రక్తంలోకి వదులుతాయి. కాలేయం ఆ మూటలు విప్పి, చక్కెర చేసి, మళ్లీ కండలకి పంపిస్తుంది. శ్రమ పెరిగేకొద్దీ మూటలూ పెరుగుతాయి. అలవాటు పడ్డ ఒంటికి అదే బరువు ఓ లెక్కలోది కాదు కాబట్టి మూటలు తక్కువ."

"అంటే రక్తం చూస్తే ఎవడు పని చేస్తాడో, ఎవడు కూర్చుని తింటాడో తెలిసిపోతుందన్నమాట. అయితే మావాడిది పట్టుకెళ్లు. వాడి సంగతి తేలుద్దాం."

మా ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

మనుషుల్ని ఎంచుకోవడానికి పెద్దసారు స్వయంగా ఒక ఫారం తయారుచేశాడు. నాలుగు పేజీలు. దాన్ని ఎవరైనా వేలెత్తి చూపిస్తే తన పిల్లవాణ్ణి కొట్టినట్టు బాధపడతాడు. ఏడో నంబరు మనిషి దాన్ని ఇలా నింపాడు. వృత్తి: సొంత వ్యాపారం. ఎక్కడ: మూడు మార్కెట్ల దగ్గర. పని తీరు: కూర్చుని. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు: తొమ్మిది. పరుగు: లేదు. ఈత: రాదు. ఆటలు: తీరిక లేదు. జిమ్: అంటే ఏమిటి?

పెద్దసారుకి ప్రాణం లేచొచ్చింది. "మూడు మార్కెట్లలో మూడు దుకాణాలు! గల్లా పెట్టె ముందు తొమ్మిది గంటలు! జిమ్ అంటే ఏమిటని అడుగుతున్నాడు! అమ్మాయ్, మనకి కావలసిన మనిషి దొరికాడు."

ఆ పూటే అతనికి షావుకారు అని పేరు పడిపోయింది. పరీక్ష రోజు అతని కోసం పెద్దసారు తన గదిలోంచి మెత్త వేసిన కుర్చీ కూడా పంపించాడు. వచ్చినవాడు యాభై దాటినవాడు. ఒళ్లు ఎండు కొమ్మలా ఉంది.

"షావుకారు ఇంత బక్కగా ఉన్నాడేంటక్కా?" అని గడియారం నా చెవిలో గొణిగింది.

"పిసినారేమో" అన్నాను.

అతని చేతి మీద నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి. కళ్లు మూసుకుని పొడవొచ్చు. సూది పెట్టి, పైన అతికించడానికి టేపు కత్తిరించబోతే మా కత్తెర దాన్ని నమిలింది తప్ప తెంపలేదు. షావుకారు తన పన్నే నొచ్చినట్టు ముఖం చిట్లించాడు.

"ఇదేం కత్తెర చెల్లెమ్మా? ఇలా ఇవ్వండి, రేపు పంపిస్తా."

వద్దంటున్నా వినకుండా జేబులో వేసుకున్నాడు. మర్నాడు పొద్దున కత్తెర కాపలావాడి చేతిలో ఉంది. దాంతో టేపు తెగింది, టేపుతో పాటు నా వేలు కూడా తెగింది. మూడు దుకాణాలున్నవాడికి సాన పట్టించుకురావడానికి మనుషులకేం తక్కువ అనుకుని, వేలికి ఆ టేపే చుట్టుకున్నాను.

సైకిలు మీద అతని తీరే వేరు. అంతకుముందు ఐదో నంబరు మనిషి కష్టం మెట్టు మీద తన భార్యని, నన్ను, దేవుణ్ణి వరసగా పిలిచాడు. షావుకారు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ తొక్కుతున్నాడు. మధ్యలో ఒకసారి వంగి చక్రం వైపు చూశాడు.

"దీనికి ఏమీ తగిలించలేదా అమ్మా? ఇంత తొక్కుడూ ఊరికే పోతోందా?"

గడియారం అతని ఛాతీకి కట్టిన బెల్టు చూసింది. గుండె నిమిషానికి నూట నాలుగు సార్లు కొట్టుకుంటోందని చూపిస్తోంది. కష్టం మెట్టు మీద నూట నాలుగేమిటని బెల్టు విప్పి, తడిపి, మళ్లీ కట్టింది. నూట నాలుగే. "బెల్టు పాడైంది" అని పుస్తకంలో రాసుకుంది.

అతని తర్వాత అదే పూట ఎనిమిదో నంబరు, సైకిల్ క్లబ్బు కెప్టెన్ వచ్చాడు. తొక్కాడు, రక్తమిచ్చాడు, వెళ్లాడు.

మూడు వారాలకి లెక్కలు వచ్చాయి. కూర్చునే బ్యాచీలో ఐదుగురికి కష్టం మెట్టు దగ్గర అలనిన్ ఎగిరి కూర్చుంది. ఏడో నంబరుకి మాత్రం కదిలీ కదలనట్టు ఉంది. ఎనిమిదో నంబరు లెక్కల పక్కన పెడితే కవలపిల్లల్లా ఉన్నాయి.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ముందు బెల్టుని తిట్టారు. తర్వాత లెక్కలు కట్టే మిషన్ని తిట్టి, రక్తం నుంచి వేరుచేసి దాచిన ద్రవాన్ని మళ్లీ పరీక్షించారు. అవే అంకెలు వచ్చాయి. మద్దెలలు అయిపోయాక నా వంతు వచ్చింది.

"ఏడో నంబరుకి నీకు నరం దొరకలేదు" అన్నాడు పెద్దసారు. "చెప్పడానికి నామోషీ. ఎనిమిదో నంబరు దగ్గర ఎక్కువ తీసి రెండింట్లోనూ పోశావు. నిజం చెప్పేయమ్మా, ఏమీ అనను."

"సార్, ఆ మనిషి నరాలు గేటు దగ్గర్నుంచే కనిపిస్తాయి!"

"షావుకార్లకి అలాంటి నరాలుండవు" అన్నాడాయన, చాలా శాంతంగా.

రక్తం గ్రూపులు చూద్దామన్నాను. చూస్తే ఇద్దరిదీ ఒకటే గ్రూపు. అదృష్టం బాగాలేకపోతే తాడే పామై కరుస్తుంది.

"సోమవారం పదకొండింటికి ప్రయోగం ఎలా నడుస్తోందో చూడటానికి కమిటీ వస్తోంది. ఆలోగా ఆ ఏడో నంబరు మనిషిని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టు. మొన్న నీ కింద చేరిన కొత్తమ్మాయి రక్తం తీస్తుంది. అతను రాకపోయినా, లెక్క మారినా, నిన్ను సూది పని నుంచి తప్పించి ఫైళ్ల గదిలో వేయక తప్పదు" అన్నాడు.

బాత్రూంలోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చాను. ఫైళ్ల గదికి భయపడి కాదు. పందొమ్మిదేళ్లలో నాకు నేనుగా సంపాదించుకున్నది ఆ ఒక్క పేరే. పెళ్లిలో పెట్టినవీ, పుట్టింటివీ ఏవీ అలాంటివి కావు. దాన్ని ఒక మనిషి కుర్చీలో కూర్చుని తుడిచేస్తున్నాడు.

షావుకారు ఫోను రోజంతా మోగుతుంది, ఎత్తడు. శుక్రవారం ముప్పైసార్లు చేశాను. శనివారం ఒంటిపూట సెలవు పెట్టి వెతకడానికి బయల్దేరుతుంటే, మా అత్తగారు వంటింటి కత్తిని పేపర్లో చుట్టి నా సంచిలో పడేసింది.

"ఎలాగూ మార్కెట్లన్నీ తిరుగుతావుగా. సాన పట్టించుకురా. ఉల్లిపాయ కూడా తెగట్లేదు."

"నా బతుకు తెగిపోతుంటే మీకు ఉల్లిపాయ కావాల్సొచ్చిందా అత్తయ్యా!"

"నీ బతుకు సాయంత్రం కూడా ఉంటుంది. వంట ఇప్పుడు చెయ్యాలి" అందావిడ.

మొదటి మార్కెట్లో బట్టల కొట్టాయన్ని అడిగాను, ఇక్కడ మూడు దుకాణాల షావుకారు ఎవరని. ఆయన తనకి ఒకటే ఉందని, అది కూడా అమ్మకానికి పెట్టానని చెప్పాడు. రెండో మార్కెట్లో పళ్లమ్మే ఆవిడ "ఎలా ఉంటాడు?" అంది. బక్కగా అన్నాను. "షావుకార్లలో బక్కవాళ్లెవరమ్మా?" అని నవ్వింది. మూడో మార్కెట్ చేరేసరికి ఒంటిగంట అయింది. చెప్పు తెగింది. నలభై కొట్లు తిరిగాను. ఇక లాభం లేదనిపించింది. ఫైళ్ల గదిలో కిటికీ ఉందా లేదా అని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. ఉద్యోగం ఎలాగూ పోతోంది, కత్తి కూడా మొద్దుగానే తీసుకెళ్తే ఇంట్లో అడుగుపెట్టనివ్వరు. మార్కెట్ మూల నుంచి కీచుమని సాన పడుతున్న చప్పుడు వినిపిస్తే అటు నడిచాను.

స్టాండు వేసిన సైకిలు. ముందు సానరాయి గిరగిర తిరుగుతోంది. దాని మీద మాంసం కొట్టే కత్తి నిప్పురవ్వలు చిమ్ముతోంది. సీటు మీద మనిషి తల వంచుకుని కాళ్లు ఆడిస్తున్నాడు. నా వంతు వచ్చి, పేపరు విప్పి కత్తి చాపాను. అందుకున్న చేతి మీద నరాలు తాళ్లలా పైకి తేలి ఉన్నాయి.

వెతకబోయిన తీగ కాలికి తగలడమంటే అదీ.

"షావుకారుగారూ!" అని అరిచాను.

అతను వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో పిలుస్తున్నాననుకుని. తర్వాత నన్ను గుర్తుపట్టాడు. "కత్తెర ఎలా ఉంది చెల్లెమ్మా?"

"కత్తెర సంగతి తర్వాత. ఫోనెందుకు ఎత్తరు?"

"రాయి తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. ఇంటికెళ్లాక చూసుకుంటే ఎవరిదో కొత్త నంబరు. కొత్త నంబర్లు ఎత్తొద్దని మా ఆవిడ చెప్పింది."

"మూడు దుకాణాలన్నారు!"

"మూడని నేనెప్పుడన్నా? దుకాణం ఇదే. పొద్దున ఆ మార్కెట్, పదింటికి ఈ పక్కది, మధ్యాహ్నం ఇక్కడ. మూడు చోట్లా తొక్కుకుంటూ పోతా."

"మరి కూర్చుని చేసే పనని రాశారు!"

అతను నొచ్చుకున్నాడు. "కూర్చునేగా చేస్తున్నా? తొమ్మిది గంటలు. ముప్పై ఏళ్లుగా. నుంచుని తొక్కమంటారా ఏంటి?"

అక్కడే గట్టు మీద కూలబడి, సంచి ఒళ్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మాంసం కొట్టు మనిషి తన కత్తి తీసుకుని రెండడుగులు వెనక్కి జరిగాడు.

షావుకారు మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగాడు. "వెతుక్కుంటూ వచ్చారంటే, నా రక్తం బాగాలేదా చెల్లెమ్మా? మా ఆవిడ రోజూ గొడవ, వయసైపోయింది, ఈ తొక్కుడు మానేసి మోటారు పెట్టించుకోమని. ఒళ్లు పనికొస్తుందో లేదో మీరు చూసి చెబుతారనే నేనొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పండి."

"అన్నయ్యా, మీ రక్తం చాలా బాగుంది. దానివల్లే నా ఉద్యోగం పోయేలా ఉంది" అన్నాను.

విషయమంతా చెప్పాను. అతను మా అత్తగారి కత్తికి రెండు వైపులా సాన పట్టి ఇచ్చి, సోమవారం దుకాణం తీసుకునే వస్తానన్నాడు.

సోమవారం పదిన్నరకి పెద్దసారు గదిలో అతన్ని నిలబెట్టాను. గడియారానికి ముందే చెప్పి ఉంచాను. పెద్దసారుకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నాకు చెప్పబుద్ధి కాలేదు.

"సార్, కొత్తమ్మాయి రక్తం తీసేముందు మీ ఫారంలో ప్రశ్నలు మీరే ఒకసారి అడగండి" అన్నాను. ఫారం అనగానే ఆయన ముఖం వెలిగింది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగాడు. పరుగు లేదు. ఈత రాదు. కూర్చునేది తొమ్మిది గంటలు.

"చూశావా?" అన్నాడు నాతో. "ఇంతకన్నా స్పష్టంగా ఏం కావాలి?"

"మీ ఫారంలో లేని ప్రశ్న ఒకటుంది సార్. నేనడగనా? అన్నయ్యా, మీరు కూర్చునేది దేనిమీద?"

అతను కిటికీలోంచి చూపించాడు. ఆవరణలో, పెద్దసారు కారు పక్కనే, సానరాయితో సహా సైకిలు నిలబడి ఉంది.

పెద్దసారు కిందికి దిగి వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. తప్పు ఒప్పుకోవాలంటే ప్రాణం ఒప్పలేదు. "దీన్ని వ్యాయామం అంటామా? కూర్చుని కాళ్లాడించడమేగా?"

"అయితే మీరూ కాసేపు కాళ్లాడించండి సార్" అంది గడియారం. అంత ధైర్యం ఆ పిల్లకి ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అంటూనే ఆయన ఛాతీకి ఆ పాడైన బెల్టు కట్టేసింది.

పెద్దసారు ఎక్కాడు. షావుకారు ఒక మొద్దు గొడ్డలి తీసి రాయి మీద అదిమాడు. మొదటి నిమిషంలో పెద్దసారు నవ్వాడు. రెండో నిమిషంలో కోటు విప్పమన్నాడు. మూడో నిమిషంలో రాయి ఆగిపోయింది, ఆయన హ్యాండిల్ పట్టుకుని వాలిపోయాడు. చుట్టూ గుమాస్తాలు, కాపలావాడు, అప్పుడే కారు దిగిన కమిటీ మేడంగారు నిలబడి ఉన్నారు.

"నూట డెబ్బై" అని గడియారం చదివింది. "సార్, బెల్టు బాగానే పనిచేస్తోంది."

ఎవరూ నవ్వలేదు. కాపలావాడొక్కడే వెనక్కి తిరిగి దగ్గాడు.

ఆ పూటే షావుకారుకి మళ్లీ పరీక్ష చేశారు. రక్తం కొత్తమ్మాయి తీసింది. లెక్క వారానికి వచ్చింది, పాత అంకెల పక్కన పెడితే వెంట్రుకవాసి తేడా. గడియారం అతన్ని తొక్కేవాళ్ల జాబితాలోకి మార్చి, జిమ్ ముఖం చూడకుండానే ఒళ్లు రాటుదేలిన మనిషి మీద ఒక అధ్యాయం రాస్తానంది. అలనిన్ గీత గీసిన కాగితం ఒకటి అతనికిచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో ఆవిడకి చూపిస్తానని వెళ్లాడు.

ఇక కూర్చునే బ్యాచీలో ఒకరు తక్కువయ్యారు. కొత్త మనిషిని ఎక్కడ వెతకాలని గడియారం కమిటీ ముందు దిగులుపడింది. మేడంగారు పెద్దసారు వైపు చూసింది. "వెతకడమెందుకమ్మా? లెక్కలు ఆయన ముట్టుకోకుండా నువ్వు చూసుకో, మిగతాది ఆయన ఒళ్లు చూసుకుంటుంది" అంది.

అలా పెద్దసారు ఖాళీ అయిన ఏడో నంబరులో ప్రయోగంలోకి వచ్చాడు. సొంత ఫారం సొంత చేత్తో నింపాడు. రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారు అన్నచోట నాలుగు అని రాశాడు.

పరీక్ష రోజు కొత్తమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుంది. బొద్దు చెయ్యి, పైకి ఒక్క నరమూ కనపడదు. ఒకచోట పొడిచింది, లేదు. ఇంకోచోట పొడిచింది, అక్కడా లేదు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడోసారి సూది ఎత్తేసరికి పెద్దసారు చెయ్యి లాక్కున్నాడు.

"ఆవిణ్ణి పిలవండి" అన్నాడు.

నేను పక్క గదిలోనే ఉన్నాను. టీ సగమే తాగాను. మిగతా సగం నింపాదిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్లాను. కొత్తమ్మాయి భుజం తట్టి పక్కన నిలబెట్టుకున్నాను. పెద్దసారు చెయ్యి చాపి, గోడ వైపు చూస్తూ అన్నాడు.

"ఆరోజు నేనన్న మాట..."

"ఏ మాట సార్?"

"అదే. నీకు నరం దొరకలేదని."

"ఆ మాటా?"

"అనకూడదు. నాదే తప్పు. తప్పు నా ఫారంది కూడా."

మోచేతి మడత దగ్గర వేలితో నొక్కి చూశాను. లోతున, కొవ్వు కింద, నరం బితుకుబితుకుమంటూ ఉంది. ఒక్క పోటుకి దొరికింది. మా అత్తగారి కత్తికి పదును పెట్టిన చేతులే సాన పట్టిన కత్తెరతో టేపు చటుక్కున తెంపి అతికించాను. తర్వాత ఫారం తీసి, నాలుగు కొట్టేసి పదకొండు అని రాసి, సంతకానికి ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని సంతకం చేశాడు.

రక్తం నింపిన గొట్టం మీద ఏడు అని రాశాను. ఐసులో పెట్టేముందు ఆయన కళ్లకెదురుగా పట్టుకున్నాను.

"నంబరు చదవండి సార్. తర్వాత మారిపోయిందనొద్దు."

"ఏడు" అన్నాడాయన.

"కొంచెం గట్టిగా."

"ఏడు!" అని అరిచాడు పెద్దసారు. గడియారం స్టాప్‌వాచ్ నొక్కింది.